రీడ్ లేని మెట్టు పలికిన సాయంత్రం

"మంగా, పెట్టె మూత వెయ్యమాక. గాలి తగలనీ."

"నీ పెట్టె సంగతి నేను చూసుకుంటాలే. ముందు చెప్పులేసుకో, పిల్ల కారు తీసింది."

మా ఆయనా నేనూ చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవే. గుండెల్లో బరువుగా ఉందంటే గ్యాస్ అనుకున్నాం. మా అమ్మాయి శైలజ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది. ఆయన చెప్పులు వేసుకుని, వెనక్కి తిరక్కుండా కారెక్కాడు. పొద్దుగూకే వేళకు అమ్మాయి ఒక్కతే ఇంటికొచ్చింది.

ముందే చెబుతున్నాను, దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఉండే వీలు కూడా లేదు. మా ఆయన పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. శ్మశానం సీను ఉందంటే ఎంత దూరం నుంచైనా ఆయన కోసమే కబురొచ్చేది. ఆ సీనులో ఎగిరే దయ్యాలకు నల్లగుడ్డలు నేనే కుట్టాను, నేనే ఉతికాను. మొహాన మసి పూసుకున్న పిశాచాలు మా అరుగు మీద కూర్చుని టీ తాగి, "వదినా, ఇంకో రెండు బజ్జీలెయ్యి" అని అడిగేవి. అన్ని దయ్యాలకు తిండి పెట్టినదాన్ని, నాకు భయం ఎక్కణ్ణించి వస్తుంది?

అందుకే ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా దయ్యం అనను. ఏమనాలో నాకు తెలియదు. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు సింధు రాస్తోంది. ఈ పిల్ల ఇక్కడే డాలస్‌లో ఎమ్మెస్ చదువుతోంది, సెలవు రోజుల్లో మా దగ్గరికి వస్తుంది. కాస్త బాగుచేసి రాస్తాను అత్తా అంటే వద్దన్నాను. చెప్పింది చెప్పినట్టే రాయాలి.

పోయిన ఏడాది సంగతితో మొదలుపెట్టాలి. మేమిద్దరం డాలస్ పక్కనే కాపెల్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వచ్చి కొన్ని వారాలే అయింది. అక్టోబరు నెల. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. అమ్మాయీ అల్లుడూ ఆఫీసుకి, మనవరాలు రియా స్కూలుకి వెళ్ళేవాళ్ళు.

ఒకరోజు కిటికీలోంచి చూస్తే పక్కింటి గడ్డి మీద సమాధి రాళ్ళు లేచి ఉన్నాయి. చెట్టుకు నల్లగుడ్డ వేలాడుతోంది. గ్యారేజీ ముందు శవపెట్టె. లోపలి నుంచి సన్నగా, మనిషి మూలుగు లాంటి సంగీతం వస్తోంది.

"మంగా, పాపం ఎవరో పోయినట్టున్నారే. పక్కనే ఉండి పలకరించకపోతే ఏం బాగుంటుంది?" అన్నాడు మా ఆయన.

నిజమేననిపించింది. మా వైపు చావింట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే వండి పట్టుకెళ్తారు. పులిహోర లాంటివి పనికిరావు. ఇడ్లీలు వేసి, కారప్పొడి కట్టి, టిఫిను డబ్బా పట్టుకుని ఇద్దరం వెళ్ళాం.

తలుపు తీసినవాడు తెల్లగడ్డంతో ఆరడుగుల మనిషి. ఒంటి మీద నల్ల అంగీ. నేను ఆయన రెండు చేతులూ పట్టుకుని గొల్లుమన్నాను. అక్కడ సోఫాలో కూర్చుని మా అమ్మ పోయినప్పుడు ఏడ్చినట్టే ఏడ్చాను. మా ఆయన చేతులు కట్టుకుని తలవంచుకుని నిలబడ్డాడు. ఆ మనిషి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. కొంచెంసేపటికి ఆయన కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయి. చావింట్లో 'వెళ్ళొస్తాం' అనకూడదు కదా, డబ్బా అక్కడ పెట్టి చెప్పకుండా లేచి వచ్చేశాం.

రియా స్కూలు నుంచి వచ్చి సంగతి విని నేల మీద పడి దొర్లింది.

"అమ్మమ్మా! ఇట్స్ ఫేక్! అది హాలోవీన్ కోసం! మిస్టర్ వాల్ట్ ప్రతి ఇయర్ హాంట్ చేస్తారు, అంటే దయ్యాల ఇల్లు. ఎవ్వరూ డై అవ్వలేదు!"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్లను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాం, తప్పయిపోయిందని చెప్పడానికి. వాల్ట్ అప్పటికే ఇడ్లీలు తినేశాడు. రియాతో ఏదో చెప్పాడు. పిల్ల నవ్వు ఆపేసి మాకు తెలుగులో చెప్పింది. ఆయన భార్య పోయి కొన్నేళ్ళయిందట. అప్పుడు పూలు వచ్చాయట, కార్డులు వచ్చాయట. ఆ ఇంట్లో కూర్చుని గట్టిగా ఏడ్చింది మాత్రం మీ అమ్మమ్మే అన్నాడట. "కొంచెం లేట్‌గా వచ్చారు, ఇట్స్ ఓకే అంటున్నారు" అంది.

చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయారని కూడా అడిగాడు. రియా మా పద్ధతి చెప్పింది. ఆయన దాన్ని చాలాసేపు మనసులో తిప్పుకున్నట్టు తల ఊపాడు.

మా ఆయనకు ఇవేవీ పట్టలేదు. ఆయన చెవి గ్యారేజీ వైపే ఉంది. "ఒసే బంగారూ, ఆ వాయించేదెవరో అడగవే" అన్నాడు రియాతో.

వాల్ట్ మమ్మల్ని గ్యారేజీలోకి తీసుకెళ్ళాడు. ఆ సంగీతం మొత్తం ఆయన చేసుకున్నదే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సుల బ్రేకులు బాగుచేసేవాడట. చర్చి గంటలా మోగేది ఒక పాత బస్సు బ్రేకు డ్రమ్ము. తాడు కట్టి వేలాడదీసి, కర్రకు గుడ్డ చుట్టి కొట్టాడు. ఈదురుగాలి వచ్చేది ఖాళీ సీసాల మూతుల మీద ఊదితే. ఆర్గన్ తనే వాయించాడు. వెనకాల ఒక గుంపు ఆడవాళ్ళు నోరు తెరవకుండా కూనిరాగం తీస్తుంటారు. ఆ గుంపంతా ఒకే మనిషి అని చెప్పాడు. ఆయన భార్య వంట చేసుకుంటూ తీసిన రాగాన్ని ఒకసారి రికార్డులో పట్టి ఉంచాడట. దాన్నే ఒకదాని మీద ఒకటి పొరలుగా వేసి, నెమ్మది చేసి, ఏటేటా పండక్కి వాడుతున్నాడు.

పిల్లల్ని జడిపించడానికి ఎవరు పడతారు ఇంత శ్రమ? నాకు దండం పెట్టాలనిపించింది. ఆ సంగీతం అంత గొప్పగా ఉంది. గంట మోగాక ఒక జాగా వదిలేస్తాడు. ఆ ఖాళీలో మన వీపు వెనక ఎవరో నిలబడ్డట్టే ఉంటుంది. తర్వాత ఎక్కడో దూరంగా ఆ ఆడమనిషి రాగం మొదలవుతుంది. భయమూ వేస్తుంది, దగ్గరకు వెళ్ళాలనీ ఉంటుంది.

మా ఆయన ఇంటికొచ్చి నిద్రపోలేదు. "ఈయన మనోడే మంగా. ఎక్కడ ఆపాలో తెలుసు. ఆపిన కాడే గదా జనానికి వణుకు పుట్టేది" అన్నాడు.

తెల్లారగానే హార్మోనియం పెట్టె చంకనెత్తుకుని పక్కింటికి బయలుదేరాడు. భాష లేదు, రియా స్కూల్లో ఉంది. ఇద్దరూ ఎట్లా మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను మధ్యాహ్నం అన్నానికి పిలవబోతే ఒకరు 'ఊ' అంటే ఒకరు 'ఆ' అంటున్నారు, పని నడిచిపోతోంది. మా ఆయన అన్నిటికన్నా కింది స్వరం పట్టి వెనక గాలి తిత్తి మెల్లగా కదిపాడు. నేలలోంచి వచ్చినట్టు వచ్చింది. తర్వాత ఖాళీ కుండ తెమ్మన్నాడు. ఇక్కడ కుండ ఎక్కడిది? వాల్ట్ పూలమొక్కల తొట్టి బోర్లించి మట్టి దులిపి ఇచ్చాడు. దాని మూతికి నోరు ఆనించి మా ఆయన నక్క కూత కూశాడు. ఆరడుగుల మనిషి అదిరిపడి, తర్వాత చప్పట్లు కొట్టాడు. మళ్ళీ మళ్ళీ కూయించుకుని రికార్డు చేసుకున్నాడు.

ఆ హాలోవీన్ సాయంత్రం వీధి వీధంతా మా పక్కింటి ముందే నిలబడింది. పుర్రె బొమ్మ చొక్కా వేసుకున్న గడ్డం కుర్రాడు ఒకడు నక్క కూతకు వాళ్ళమ్మ వెనక్కి దూరాడు. మా ఆయన నల్ల అంగీ వేసుకుని గ్యారేజీ మూల కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి గుంపునూ చూసి మీసం కింద నవ్వుకున్నాడు. తెలుగు పిల్లలు గుర్తుపట్టి, "హాయ్ తాతా!" అంటే మాత్రం కోప్పడ్డాడు. దయ్యాన్ని తాతా అంటే సీను పాడవదూ.

ఆ తర్వాత పెట్టెకు జబ్బు చేసింది. వాల్ట్ దగ్గర పొగ వదిలే మిషను ఉంది, ఆ చెమ్మ పట్టిందో, ఈ దేశపు చలే పడలేదో. చలికాలం వచ్చేసరికి ఎడమచేతి వైపు కింది స్వరం గరగరమనడం మొదలుపెట్టింది. గొంతులో కఫం అడ్డుపడ్డట్టు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హార్మోనియంలో వేలితో నొక్కేదాన్ని మెట్టు అంటారు. దాని కింద చిన్న ఇత్తడి నాలిక ఉంటుంది, అదే రీడ్. తిత్తి గాలికి ఆ నాలిక కదిలితేనే స్వరం. రీడ్ తీసేస్తే ఆ మెట్టు ఎంత నొక్కినా బుస్సుమని గాలి వస్తుందే తప్ప పలకదు. మా ఆయన ఆ గరగరమనే రీడ్ ఊడదీసి, గుడ్డపీలికలో చుట్టి, తన పాత కళ్ళజోడు పెట్టెలో దాచాడు. గీకి శుభ్రం చేసి మళ్ళీ వేస్తానన్నాడు. పెట్టె లోపల చెమ్మ ఆరాలని మూత తీసి కిటికీ పక్కన పెట్టాడు. ఆ వారంలోనే గుండె బరువన్నాడు.

ఆయన పోయాక అన్నీ జరగాల్సినట్టే జరిగాయి. బట్టలు ఎవరికో ఇచ్చారు. ఊతకర్ర ఇచ్చారు. హార్మోనియం గుళ్ళో భజన చేసుకునే వాళ్ళకు ఇద్దామంది శైలజ. వాళ్ళూ అడిగారు. మంచి మాటే. వాయించేవాళ్ళ చేతిలో ఉంటేనే ఆ పెట్టె బతుకుతుంది. కానీ పెట్టె గుడికి పంపాలంటే మూత వెయ్యాలి. మూత వెయ్యమాక అన్నాడు ఆయన. మళ్ళీ ఎప్పుడు వెయ్యాలో చెప్పలేదు.

నవ్వొస్తే నవ్వండి. నెలల తరబడి ఆ పెట్టె కిటికీ పక్కన నోరు తెరుచుకునే ఉంది. దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కప్పాను. అల్లుడు ఒకసారి మర్చిపోయి మూత వెయ్యబోతే, ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. భజన వాళ్ళు ఫోను చేసినప్పుడల్లా శైలజ నా మొహం చూసేది. "ఇంకా ఆరలేదే" అనేదాన్ని.

"అమ్మా, టెక్సాస్ ఎండలో చెరువులే ఎండిపోతాయి. పెట్టె ఆరలేదా?" అనేది. నాకేమో ఇచ్చెయ్యాలనీ ఉంది, చెయ్యి రావడం లేదు. నా బాధ అంతా ఆ మూత దగ్గరే ఆగిపోయింది.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. ఈసారి వాల్ట్ ఇంటి ముందు ఒక్క సమాధి రాయి కూడా లేవలేదు. ఒకరోజు ఆయనే వచ్చి రియాతో అడిగించాడు. సంగీతంలో మీ ఆయన వాయించింది ఉంది, మీకు బాధ అయితే ఆ ముక్క తీసేస్తాను, అసలు వద్దంటే ఈ ఏడు హాంటే చెయ్యను అని.

శైలజ నా కన్నా ముందు మాట్లాడింది. "వద్దని చెప్పు రియా. మనకి ఏటిసూతకం. ఇయర్ అయ్యేదాకా పండగలు చెయ్యం."

"మమ్మీ, హాలోవీన్ మన పండగ కాదు కదా!"

"ఏదైనా పండగే."

నాకు ఒళ్ళు మండింది. "ఏమే, సూతకం దేవుళ్ళ పండగలకు గానీ దయ్యాల పండక్కి ఎక్కడిదే? చావింటికి దయ్యాలు రాకపోతే ఎవరొస్తారు?" అన్నాను. శైలజకు కోపం వచ్చింది, కోపంలోనే నవ్వూ వచ్చింది. ఆయన పోయాక ఆ ఇంట్లో అందరం కలిసి నవ్వింది అదే మొదటిసారి. ఉంచమను, ఆయన వాయించింది ఉంచమను అన్నాను రియాతో.

వాల్ట్ ఇంకో మాట అడిగాడు. ఆయన కూర్చున్న మూలలో హార్మోనియం పెడదామా అని. పెడదాం, మూత మాత్రం వెయ్యకూడదు అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. రియా, సింధూ చెరోవైపు పట్టుకుని, మూత తీసే, నిద్రపోయే పసిపిల్లను మోసినట్టు పక్కింటికి మోశారు.

హాలోవీన్ నాటి సంగతి జరిగింది జరిగినట్టే చెబుతాను. ఒక్క ముక్క కలపను.

సందెవేళ. చీకటి ఇంకా పూర్తిగా పడలేదు. సింధు గ్యారేజీ గుమ్మం బయట చాక్లెట్ల గిన్నె పట్టుకుని ఉంది. రియా మంత్రగత్తె వేషంలో లోపల తిరుగుతోంది. వాల్ట్ వెనక గోడ దగ్గర తన మిషన్ల మధ్య ఉన్నాడు. శైలజ మా గడ్డి మీదే నిలబడింది, అటు రాలేదు. నేను పెట్టె పక్కన స్టూలు మీద కూర్చున్నాను. వాల్ట్ నాకు నల్ల శాలువా కప్పాడు. వచ్చిన పిల్లలు నేనూ బొమ్మనే అనుకున్నారు. ఒక పిల్ల నా ముక్కు పట్టుకుని లాగి, నేను తుమ్మితే కెవ్వుమంది.

పెట్టె మెట్ల మీద ప్లాస్టిక్ ఎముకల చేతులు పెట్టాడు వాల్ట్. నేనే తీయించేశాను, ఆయన పెట్టె మీద ఎముకలేమిటని. కాబట్టి మెట్ల మీద ఏమీ లేదు. తిత్తి కదలకుండా పక్కన కొక్కెం ఉంటుంది, అది పెట్టి ఉంది. నేను చూశాను, రియా కూడా చూశానంటుంది.

సంగీతం నడుస్తోంది. గాలి, గంట, ఆ ఆడమనిషి రాగం. తర్వాత మా ఆయన శ్రుతి వచ్చింది. పోయిన ఏడాది తర్వాత దాన్ని వినడం నాకు అదే మొదటిసారి. ఏడుస్తాననుకున్నాను, ఏడవలేదు. ఎంత బాగా కుదిరింది ఇద్దరి పనీ అనుకున్నాను. ఆ రాగం కింద ఈయన శ్రుతి, ఇల్లు కింద పునాదిలా ఉంది. భార్య పోయిన మనిషి ఒకడు, భర్త పోయిన మనిషిని నేను, ఇద్దరం ఒకే గదిలో కూర్చుని పోయిన ఇద్దర్నీ వింటున్నాం. బయట పిల్లలేమో హాయిగా జడుసుకుంటున్నారు.

ఉన్నట్టుండి టప్‌మని కరెంటు పోయింది. పొగ మిషనూ దీపాలూ అన్నీ ఒకే తీగ మీద ఉన్నాయి, బరువెక్కువై బ్రేకర్ పడిపోయిందని తర్వాత తెలిసింది. దీపాలు ఆరాయి, స్పీకర్లు ఆగిపోయాయి. గాలి లేదు, గంట లేదు, రాగం లేదు. లోపల ఉన్న పిల్లలు ఒక్కసారి ఊపిరి లాగి బిగబట్టి నిలబడ్డారు.

శ్రుతి ఆగలేదు.

నా ఎడమ పక్క నుంచి వస్తోంది. స్పీకర్లు పైన గోడకు ఉన్నాయి, అక్కణ్ణించి కాదు. పెట్టెలోంచి. అన్నిటికన్నా కింది స్వరం. అందులో గరగర ఉంది. గొంతులో కఫం అడ్డుపడ్డట్టుండే ఆ గరగరే.

నేను పెట్టె మీద చెయ్యి వేశాను. చెక్క అదురుతోంది. తిత్తిలో గాలి ఉన్నప్పుడు పెట్టె ఎట్లా అదురుతుందో నాకు తెలుసు. నా కాపురమంతా ఆ అదురు పక్కనే గడిచింది.

నాకు భయం వెయ్యలేదు. ఎందుకో చెప్పలేను. నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది. "మూత తీసే ఉందయ్యా. గాలి తగుల్తానే ఉంది" అన్నాను.

అప్పుడు ఆ స్వరం మెల్లగా కిందికి దిగింది. తిత్తి వదిలేస్తే గాలి అయిపోతూ ఎట్లా సన్నబడుతుందో అట్లాగే సన్నబడి, ఆగింది. మొత్తం ఎంతసేపంటే, మనిషి నిండుగా ఊపిరి తీసుకుని వదిలేంతసేపు. ఇంకాస్త ఎక్కువేనేమో.

పిల్లలు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. "దట్ వాజ్ ఆసమ్!" అని ఒకడు అరిచాడు. అదంతా ఆటలో భాగమే అనుకున్నారు.

వాల్ట్ టార్చిలైటు పట్టుకుని వచ్చాడు. ముందు పెట్టె మీద వేశాడు, తర్వాత నా మొహం మీద, తర్వాత నా చేతుల మీద. ఏదో అడిగాడు. రియా నా పక్కకు జరిగింది. "అమ్మమ్మా, నువ్వు ప్లే చేశావా అని అడుగుతున్నారు."

"నాకు వాయించడం రాదని చెప్పవే" అన్నాను.

ఆయన వంగి ఆ ఎడమచేతి మొదటి మెట్టు నొక్కాడు, తిత్తి కదిపాడు. బుస్సుమంది, అంతే. అప్పుడు చూశాను, కొక్కెం ఊడి ఉంది. నేను ముందు సరిగ్గా చూశాననే నా నమ్మకం. ప్రమాణం చెయ్యమంటే మాత్రం చెయ్యను, శాలువా తగిలి ఊడిందేమో. ఊడినా, తిత్తి తనంతట తాను ఊగదు. ఊగినా, లేని రీడ్ పలకదు. ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టె తెరిచాను. రీడ్ గుడ్డపీలికలో చుట్టినట్టే ఉంది. పీలికకు మా ఆయన వేసిన ముడి కూడా అట్లాగే ఉంది.

శైలజకు చెబితే, "చెవిలో మిగిలిపోయి ఉంటుందమ్మా, పాట ఆగినా కాసేపు వినపడుతుంది" అంది. అది మా గడ్డి మీద ఉంది, దానికేమీ వినపడలేదు. కావచ్చు. కానీ పాటలో గరగర లేదు. పోయిన ఏడు రికార్డు చేసినప్పుడు పెట్టె శుభ్రంగా పలికింది. గరగర వచ్చింది తర్వాత. ఆ సంగతి ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. మర్నాడు వాల్ట్ వచ్చి తను విన్నది నోటితో చేసి చూపించాడు. సన్నటి శ్రుతి పెట్టి, మధ్యలో నాలిక ఆడించి గరగరమనిపించాడు. నా ఒళ్ళు జలదరించింది అప్పుడే. గ్యారేజీలో కాదు.

సింధు కూడా గుమ్మం దగ్గర్నుంచి వింది. రాయవే, నీ సంగతి కూడా రాయి. చాక్లెట్ల గిన్నె చేతిలోంచి జారిపోయింది కదూ. ఆ, రాయి.

ఇంకొకటి ఉంది. పిల్లలు ఎక్కడ జడుసుకుంటున్నారో తెలుసుకోవడానికి వాల్ట్ ఏటా ఒక చిన్న బ్యాటరీ రికార్డర్ మూలన పెడతాడు. ఏడాదంతా ఆ కేకలు విని, మళ్ళీ ఏడు ఎక్కడ గంట కొట్టాలో, ఎక్కడ ఆపాలో చూసుకుంటాడట. అదీ ఆయన పనితనం. కరెంటు పోయినా అది ఆగలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి వినిపించాడు.

టప్‌మన్న చప్పుడు ఉంది. పిల్లలు ఊపిరి లాగడం ఉంది. తర్వాత శ్రుతి ఉండాల్సిన చోట శ్రుతి లేదు. దానికి బదులు బుస్సుమని గాలి ఉంది. రీడ్ లేని మెట్టు నొక్కి, తిత్తి మెల్లగా కదిపితే ఎట్లా వస్తుందో ఆ గాలి. దాని మీద నా గొంతు, "మూత తీసే ఉందయ్యా" అని. గాలి సన్నబడి ఆగింది. చప్పట్లు.

మిషనుకు గాలి వినపడింది. మాకేమో స్వరం వినపడింది. మేమంతా ఒకే స్వరం ఎట్లా విన్నాం? ఆ గాలైనా ఎవరు కదిపితే వచ్చింది? వాల్ట్ స్పీకర్ల తీగలన్నీ విప్పి చూశాడు, పెట్టె కింద నేల కూడా తడిమి చూశాడు. ఏమీ దొరకలేదు. ఆ ముక్కను వచ్చే ఏడు సంగీతంలో వేస్తానని అడిగాడు. వేసుకోమన్నాను. శ్మశానం సీను బాగా రావడానికి పనికొస్తుందంటే మా ఆయన కాదనడు.

అది విన్న మర్నాడే పెట్టె తెచ్చుకోవడానికి వెళ్ళాం. రియా, సింధూ మళ్ళీ చెరోవైపు పట్టుకోబోయారు. ఆగమన్నాను. పైన పడ్డ దుమ్ము కొంగుతో తుడిచాను. కొక్కెం పెట్టాను. మూత వేశాను.

గాలి తగలనీ అన్నాడు. తగిలింది.

వాల్ట్ గ్యారేజీ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. నేను ఏమీ అనకుండా నడిచి వచ్చేశాను. ఆయన కూడా పిలవలేదు. మా పద్ధతి ఆయనకు తెలుసు.

పెట్టె ఇప్పుడు గుళ్ళో ఉంది. భజన వాళ్ళు ఆ మెట్టుకు కొత్త రీడ్ వేయించుకున్నారు. బాగానే పలుకుతోంది, నేను వెళ్ళి విన్నాను. పాత రీడ్ మాత్రం ఇవ్వలేదు. అది నా దిండు పక్కన, కళ్ళజోడు పెట్టెలోనే ఉంది. మళ్ళీ పలుకుతుందని కాదు. దాని మీద ఆయన వేసిన ముడి ఉంది, దాన్ని విప్పడం నాకు ఇష్టం లేదు.

దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ సాయంత్రం ఏం జరిగిందంటే మాత్రం చెప్పలేను. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వింటాను. ఒప్పుకుంటానని మాటివ్వను.

అంతేనే సింధూ, అయిపోయింది. ఇప్పుడు చదివి వినిపించు. మధ్యలోంచి వద్దు, మొదటి నుంచి. ఆయన మాటతోనే కదా మొదలుపెట్టింది? అది చదివాక కాస్త ఆగు. ఎంతసేపు ఆగాలో నేను చెబుతాను. ఆ తర్వాత నా మాట చదువు.